పది గంటలకు రెండు రింగులు

సువార్త మరిగే ఎసరును జొన్నపిండిలో పోస్తూనే మోకాలితో డబ్బాను ముందుకు తోసింది. పెద్ద బిస్కెట్ల డబ్బా అది. ఫోన్లు ఒకదానికొకటి తగలకుండా అడుగున పాత తువ్వాలు మడిచి వేసింది. లహరి తన ఫోన్‌ను చివరిసారి వెలిగించి చూసుకొని లోపల పెట్టింది. పెండ్లయి ఏడాది కాలేదు ఆ పిల్లకు. మొగుడు బెంగుళూరులో డ్రైవరు. తిప్పమ్మ కొంగుముడి విప్పి బటన్ల ఫోను తీసింది.

"నాకెవురు చేస్తారే పిల్లా, ఆ కంపెనీవోళ్లు తప్ప. పాట పెట్టుకోమ్మా అంటారు. యాదీ, ఒగటి పాడప్పా అంటే పెట్టేస్తారు."

"డబ్బాలో వెయ్ అత్తా, పాటలు పన్నెండు గంటల మింద."

మాబీ చివర వచ్చింది. చివరంటే ఆరున్నరకు ఒక నిమిషం ముందే. చేతిగుడ్డలో చుట్టిన ఫోన్‌ను లోపల పెట్టి మూత తానే మూసింది. సువార్త గోడ గడియారం చూసి నోటుబుక్కులో నాలుగు టిక్కులు పెట్టుకుంది. నాలుగోది తనకు.

రాప్తాడులో హైవేకు రెండు వీధుల వెనక, సువార్త ఇంటి ముందు గదిలోనే ఈ రొట్టెల పని. తిప్పమ్మ, మాబీ తడతారు. లహరి వసారాలో రెండు పొయ్యిల ముందర కూర్చొని కాలుస్తుంది. పిండి కలపడం, లెక్కపెట్టి కట్టడం సువార్త పని. పుట్టపర్తిలో ఒక లాడ్జి క్యాంటీనుకు ఆదివారం తప్ప రోజూ నాలుగు వందలు పోవాలి. పదకొండు గంటల బస్సు మీద వేయాలి. ఈ రెండు నెలల్లో ఆ బస్సు రెండుసార్లు తప్పింది. క్యాంటీను తిప్పేస్వామి కేకలు వేయలేదు. "మూడోసారి తప్పితే ఇంగ పంపొద్దుమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ లాడ్జి పోతే ఈ గదిలో పొయ్యి వెలిగించే పనే ఉండదని నలుగురికీ తెలుసు.

అందుకే అనంతపురంలో వ్యాపారం చేసుకునే ఆడవాళ్లకు క్లాసు పెడితే సువార్త పోయి వెనక బెంచీలో కూర్చుంది. మీ టైమును ఎవరు తింటున్నారో వారం రోజులు రాసి చూడండి అంది క్లాసు చెప్పిన అమ్మాయి. సువార్త రాసింది. నీళ్ల కోసం లేచి నడిచే అడుగులు. కట్టెలు వెతుక్కోవడం. రెండో టీ. లహరి ఫోను పదకొండు నిమిషాలు, మాబీ ఫోను పద్నాలుగు. కడవను పిండి గంగాళం పక్కకు మార్చింది. కంపకట్టెలు ముందురోజు సాయంత్రమే నరికి పేర్పించింది. రెండో టీ మానిపించింది. తర్వాత ఒక శనివారం అందరి ముందరా నోటుబుక్కు చదివింది.

"పద్నాలుగు నిమిషాలంటే పది రొట్టెలు మాబీ."

మాబీ మొహం ఎర్రబడింది. "అట్లే అక్కా" అంది.

ఆ తర్వాతి సోమవారం నుంచి డబ్బా వచ్చింది. దాన్ని సువార్త తన చేతికి అందే కిటికీ గట్టు మీద పెడుతుంది. పద్నాలుగు రోజులుగా బస్సు తప్పలేదు. ఎదురుగా గోడ మీద అంటించిన చార్టులో స్కెచ్ పెన్నుతో రాసుకున్న అంకెలు చూస్తే ఆమెకు లోపల ఏదో సర్దుకున్నట్టు ఉండేది. ఏడున్నరకు డెబ్బై. ఎనిమిదిన్నరకు నూట అరవై. పదికి మూడు వందల ఇరవై.

ఈ సోమవారం మూడు వందల ఇరవయ్యో రొట్టె చేతిలోకి వచ్చేసరికి డబ్బాలో ఫోను మోగింది. ఒకటి. రెండు. ఆగింది.

"ఇమాంబీ సలాం కొట్టె," అంది తిప్పమ్మ మాబీ మొహం చూసి, చేయి ఆపకుండానే. "ఆ గోడ గడియారం తీసి పొయ్యిలో పెట్టు సువార్తా. దండగ."

మాబీ నవ్వింది. ఇమాంబీ ఆమె తల్లి. కణేకల్‌లో ఒక్కతే ఉంటుంది. రోజూ పది గంటలకు బిడ్డకు ఫోను చేసి రెండు రింగులు కాగానే పెట్టేస్తుంది. బాగుండా, తిన్యా అని దానర్థం. ఎత్తకూడదు. ఆగకుండా మోగితేనే ఎత్తాలి. ఎత్తితే బ్యాలెన్సు పోయే రోజుల్లో తల్లీబిడ్డలు చేసుకున్న ఏర్పాటు అది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఏమీ పోదు, అయినా ముసలామె మానలేదు. ఒకటి రెండుసార్లు మాత్రం పెట్టేయడం మరిచిపోయి మొత్తం మోగించింది. మాబీ భయపడి ఎత్తితే "ఏంల్యా, బటను సరిగ్గా పడల్యా" అంది.

ఈ సంగతులన్నీ ఆ గదిలో అందరికీ తెలుసు. సువార్తయితే చార్టులో పది గంటల పక్కన చిన్నగా రెండు చుక్కలు కూడా పెట్టుకుంది.

మంగళవారం పొద్దున్నుంచే ఆషాఢం గాలి. వసారా తడికలు కొట్టుకుంటున్నాయి. మంట పెనం కింద నిలవడం లేదు. లహరి రేకు అడ్డం పెట్టి, అది పడిపోతే కాలితో ఆనించి కాలుస్తోంది. రొట్టెలు ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా వస్తుంటే సువార్త వెనక్కి పంపుతోంది.

"గాలికి గూడా ఒగ చార్టు రాయరాదా," అంది తిప్పమ్మ. ఎవరూ నవ్వలేదు.

పదికి రెండు వందల తొంభై. ముప్పై తక్కువ. సువార్త ముళ్ల మీద కూర్చున్నట్టు గడియారం వైపు చూస్తోంది. పదీ నలభై ఐదుకు జాకబ్ ఆటో తెస్తాడు. తన మొగుడే అయినా ఆటోలో కూర్చొని హారన్ కొడతాడు, దిగడు.

ఫోను మోగింది. ఒకటి. రెండు.

మూడోది మోగింది.

సువార్త చేతిలో కట్టకు పదో రొట్టె అట్లే ఉండిపోయింది. నాలుగు. ఐదు. మడిచిన తువ్వాలు మీద ఫోను వణుకుతుంటే డబ్బా రేకు సన్నగా రొద చేస్తోంది. బటను సరిగ్గా పడలేదేమో అనుకుంది. తిప్పమ్మకు చెవులు అంతంత మాత్రం. లహరి బయట గాలిలో ఉంది. మాబీ గది అవతలి మూల గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె చేతులు పీట మీద తడుతూనే ఉన్నాయి, తట్ తట్ తట్ అని, గుండ్రంగా తిరుగుతూ. రింగు దానంతటది ఆగిపోయింది.

సువార్త పది రొట్టెలు పేర్చి పేపరు చుట్టింది. దారం కట్టేలోగా మళ్లీ మోగింది.

ఈసారి ఆమె బటను గురించి అనుకోలేదు. చేయి చాపితే మూత అందుతుంది. మూత తీస్తే మాబీ లేస్తుంది. మాబీ లేస్తే రొట్టెలు తట్టేది తిప్పమ్మ ఒక్కతే. గడియారం చూసింది. పదీ రెండు. ఇంకా నూరు రావాలి. ముప్పావు గంట తర్వాత చెప్తాను, ముప్పావు గంటలో ఏమవుతుంది అనుకుంది. ఆ మాట అనుకుంటూనే గట్టు మీద ఉన్న ఖాళీ గోనెసంచి తీసి డబ్బా మీద వేసింది.

మూడోసారి మోగినప్పుడు గోనెసంచి కింద అది మోతలాగా లేదు. పక్కింట్లో ఎవరో మూలిగినట్టు ఉంది. సగంలో ఆగింది. ఎవరో పెట్టేసినట్టు కాదు, చేయి జారినట్టు.

ఆ తర్వాత వచ్చిన రొట్టెల్లో ఒకదాని నడుమ వేలు దిగిన చిల్లి ఉంది. మాబీ తట్టిన రొట్టె అంచు చూస్తేనే తెలుస్తుంది, వాయినంలో పెట్టే పళ్లెంలాగా. దానికి చిల్లి పడటం సువార్త ఎన్నడూ చూడలేదు. పక్కన పెట్టింది.

జాకబ్ హారన్ కొట్టేసరికి నాలుగు వందలకు ఐదు తక్కువ. వాటిని కాలిన వేడి మీదే కట్టి ఎక్కించారు. "పో, పో" అంది సువార్త. ఆటో మలుపు తిరిగింది. అప్పుడామె గోనెసంచి తీసి, మూత తీసి, "మాబీ, నీ ఫోను మోగినట్టుండె, చూడు" అంది. తన గొంతు తనకే బాగా మామూలుగా వినిపించింది.

మాబీ చేతులు కడుక్కోకుండానే వచ్చింది. చూసుకుంది. తల్లికి చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. తల్లి ఇంటి పక్కగోడ నాగలక్ష్మమ్మకు చేసి, "పిన్నీ, మాయమ్మను రవంత చూడు పిన్నీ, గోడ మిందనుంచి పిలువు" అంది. వసారాలోనే నిలబడి ఫోను చెవికి పెట్టుకొని ఉంది. గాలికి కొంగు ఎగిరి మొహాన పడినా తీసుకోలేదు. కాసేపటికి ఫోనులో ఎవరో అరుస్తున్నారు. మాబీ మోచేతుల దాకా పిండితోనే హైవే వైపు నడిచింది. ఆమెను బస్టాండు దాకా దించడానికి ఆటో కూడా లేదు. రొట్టెలతో పోయింది.

బుధవారం సంగతి తెలిసింది. లహరి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చి చెప్పింది. ఇమాంబీ నీళ్ల డ్రమ్ము దగ్గర జారి పడిందంట. తుంటి విరిగినట్టుంది, తలకు కూడా తగిలిందంట. పాక్కుంటూ ఫోను దాకా వచ్చింది. నాగలక్ష్మమ్మ గోడ అవతల్నే బియ్యం చెరుగుతూ ఉంది, ఏమీ వినపడలేదు. మాబీ ఫోను చేసినాక పోయి చూస్తే స్పృహ లేదు. అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే కళ్యాణదుర్గం దాటకముందే పోయింది.

"ఆ నాగలక్ష్మమ్మ ఏడుస్తాందంట," అంది లహరి. "పదికి చెప్పింటే పదికే పోయిందును గదా అని."

"ఎవురు చెప్పాల?" అంది తిప్పమ్మ. "ఫోన్లు డబ్బాలో ఉండె. నాకు చెవుల్లేవు. నువ్వు బయటుండావు. సువార్తకు ఈ తట్టే చప్పుడులో ఏం ఇనపడుతుంది. అల్లా రాసిపెట్టినాడు, పో."

సువార్త లేచి పోయి పిండి కలిపింది. ఎసరు ఎక్కువ పోసింది. ముద్ద చేతికి అంటుకొని రాలేదు.

ఆ మూడు రోజులూ మాబీ పీట మీద ఆమే కూర్చొని తట్టింది. తొమ్మిదిన్నర దాకా చేతులు ఆడేవి. తర్వాత చెవులు పనిచేసేవి, చేతులు కాదు. పది దగ్గర పడేకొద్దీ గది అంతా డబ్బా వైపు వంగినట్టు అనిపించేది. పది అయ్యేది. ఏమీ మోగేది కాదు. ఆ మోగకపోవడం పదీ ఐదు దాకా, పదీ పది దాకా ఉండేది. మూడు రోజులూ జాకబ్ ఆటోను తరిమి తరిమి బస్సును అందుకున్నాడు.

"ఇంగో మనిషిని చూసుకో," అన్నాడు. "నీ చేతిరొట్టె జొన్నరొట్టె మాదిరి లేదు, కర్ణాటక మ్యాపు మాదిరుండాది."

సువార్త నవ్వలేదు. శుక్రవారం సాయంత్రం గోడ మీది చార్టు దగ్గర నిలబడి, పది పక్కనున్న రెండు చుక్కలను గోటితో గీకింది. కాగితం చిరిగింది గానీ కింద గోడ మీద కూడా రంగు దిగింది.

శనివారం ఆరూ ఇరవై తొమ్మిదికి మాబీ వచ్చింది.

అందరూ లేచి నిలబడ్డారు. తిప్పమ్మ ఆమెను కౌగిలించుకొని ఏడ్చింది. మాబీ ఏడవలేదు. "మూడోదినం అయిపాయ అత్తా. తమ్ముడు బళ్లారికి పాయ. ఇంట్లో కూర్చోని ఏంచేయాల," అంది. చేతిగుడ్డలో చుట్టిన ఫోను తీసి డబ్బాలో పెట్టింది. మూత మూసింది. డబ్బాను ఎత్తి కిటికీ గట్టు మీద, ఎప్పుడూ ఉండేచోట, గుర్తు చూసి మరీ పెట్టింది.

"వద్దులే మాబీ, నీ దగ్గరే పెట్టుకో," అంది సువార్త.

"ఉండనీక్కా."

చేతుల చప్పుడు మళ్లీ పాత దారిలో పడింది. సువార్త తన చాప మీదికి వచ్చి కూర్చుంది. గాలి తగ్గింది. ఎనిమిదిన్నరకు నూట డెబ్బై. పదికి మూడు వందల ఇరవై ఐదు. ఎంత బాగా జరుగుతోందో అని ఒక్క క్షణం అనుకొని, అనుకున్నందుకు సిగ్గుపడింది.

డబ్బాలో ఫోను మోగింది.

ఒకటి. రెండు. ఆగింది.

వసారాలో లహరి చేతినుంచి అట్లకాడ కింద పడింది. తిప్పమ్మకు ఎలా వినిపించిందో గానీ ఆమె కూడా పిండి చేతులు గాలిలో ఆపేసింది. ఆ రింగు అదే. ఆ రెండు రింగుల నడుమ ఎడం కూడా అదే.

మాబీ ఒక్కతే తడుతోంది.

"మాయమ్మ ఫోను ఇంటికి తెచ్చినా," అంది తలెత్తకుండా. "పదికి రెండు రింగులు ఇచ్చి పెట్టేయమని మా రేష్మాకు చెప్పినా. మోగకుంటే నాకు చెయ్యి ఆడదు."

రేష్మా ఆమె కూతురు. తొమ్మిదో తరగతి. బడికి తీసుకుపోయి, పది గంటల బెల్లు దగ్గర సారుకు కనపడకుండా నొక్కుతుందంట.

తిప్పమ్మ ముక్కు చీది, ముద్ద అందుకుంది.

ఆదివారం చర్చిలో పాట నడుస్తుండగా సువార్త ఎదుటి గడియారంలో పది కావడం చూసింది. కొంగు కింద ఆమె వేళ్లు లెక్కపెట్టుకున్నాయి. ఒకటి. రెండు. పాట అయిపోయింది, అందరూ కూర్చున్నారు. ఆమె వేళ్లతో మూడోది లెక్కపెట్టుకుంటూ నిలబడే ఉంది. పక్కనామె కొంగు పట్టి లాగింది.

సోమవారం డబ్బా గట్టు మీద లేదు. సువార్త దాన్ని వంటింట్లో కందిపప్పుకు పెట్టుకుంది.

"ఈపొద్దు నుంచి ఫోన్లు ఎవురివి వాళ్ల దగ్గరే," అంది. "చార్టు గూడా తీసేస్తా. అయినన్ని అయితాయి."

లహరి నమ్మలేక తన ఫోనును ఒళ్లో పెట్టుకుంది. తిప్పమ్మ "బతికించినావు తల్లీ" అంది. మాబీ మాత్రం చేతిగుడ్డ మూటతో అట్లే నిలబడింది. ఖాళీ గట్టు వైపు చూసింది. చీపురు పోయిన మూల చూసినట్టు చూసింది. ఆరున్నర దాటి రెండు నిమిషాలైనా కూర్చోలేదు. చివరికి మూటను ఖాళీ గట్టు మీదే, డబ్బా ఉండే గుర్తు మీద పెట్టి పోయి పీట ముందర కూర్చుంది.

పదికి అది రెండుసార్లు మోగి ఆగింది. రేకు లేనందువల్ల గట్టిగా మోగింది.

ఆటో పోయినాక తిప్పమ్మ, లహరి చేతులు కడుక్కొని బయలుదేరారు. మాబీ పీటలు కడిగి గోడకు ఆనిస్తోంది. సువార్త తలుపు దగ్గరగా వేసింది. ఐదు రోజులుగా నోట్లో తిప్పుకున్న మాటలు ఆమె దగ్గర ఉన్నాయి. అవేవీ రాలేదు.

"నాకు ఇనపడింది మాబీ," అంది. "మూడుసార్లూ. మీయమ్మ అని తెలుసు. గోనెసంచి కప్పింది నేనే."

మాబీ రెండో పీట కూడా ఆనించింది. నీళ్లు కారుతున్న చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది.

"నాకూ ఇనపడిందిక్కా," అంది.

సువార్త ఆమెను చూసింది.

"రెండోది మోగినప్పుడు నీ తట్టు చూసినా. నువ్వు గడియారం చూస్తాంటివి. లేస్తే మళ్లా బుక్కు చదువుతావు అనుకొంటి. అది గాదులే. అది సాకు." ఆగింది. "నా ముందర పదహారు ముద్దలుండె. ఇయ్యి అయినాక చూద్దాం అనుకొంటి. అంతే. చిల్లి పడిన రొట్టె నువ్వు పక్కన పెడితివే, అప్పుడే నీకు తెలిసింటాదనుకొన్యా."

"నాకు తెలీదు."

"మా తమ్మునికి చెప్పినా, ఫోన్లు డబ్బాలో పెట్టిస్తారు, ఇనపడదు అని. రేష్మాకూ అదే చెప్పినా. నాగలక్ష్మమ్మ పిన్నికీ. అందరూ నిన్ను తిట్టినారు. నేను ఊరకే ఉంటి." ఆమె గొంతు పెరగలేదు. "ఈ మాట వాళ్లకు చెప్పద్దక్కా. నీ సంగతే గాదు, నా సంగతి గూడా చెప్పినట్లయితాది. ఇప్పుడు డబ్బా తీసేస్తివి. రేపు మా తమ్ముడు వచ్చి యాదీ ఆ డబ్బా అంటే నేనేం చూపించాల?"

సువార్త ఆమె తిడుతుందని, పని మానేస్తుందని, ఏడుస్తుందని అనుకుంది. వాటన్నిటికీ సిద్ధపడింది. ఇద్దరి నడుమ తడి గచ్చు మీద రెండు పీటల నీళ్లు కలిసి ఒకే దారిగా పారుతున్నాయి.

మాబీ వంటింట్లోకి పోయింది. కందిపప్పు గంగాళంలోకి పోసిన చప్పుడు వచ్చింది. ఖాళీ డబ్బా తెచ్చి, కొంగుతో లోపల తుడిచి, మూలనున్న పాత తువ్వాలు మడిచి అడుగున పరిచింది. కిటికీ గట్టు మీద గుర్తు చూసి పెట్టింది. మూత సరిగ్గా పట్టిందో లేదో అరచేత్తో నొక్కి చూసింది. తన చేతిగుడ్డ మూట తీసుకుంది. చెప్పులు వెతుక్కుంది, తొడుక్కుంది.

సువార్త తలుపుకు అడ్డం నిలబడి ఉందని అప్పుడే గమనించుకొని పక్కకు జరిగింది.

మాబీ ఆమె పక్కనుంచే, తల వంచుకొని ఎండలోకి పోయింది.